ఐదు టన్నుల బెల్టు ఎందుకు తెగుతుంది?

2023 జులై చివరి వారంలో హైదరాబాద్‌ను ముసురు పట్టినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను ఒక మాట అడిగారు. అందరినీ ఒకేసారి రోడ్డు మీదికి వదలకండి, విడతలుగా పంపండి అని. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మధ్యాహ్నం 3 గంటలకు, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు ఉన్నవి 4:30కు వదలాలన్నారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి వాళ్ళకు మరో విడత. ఆఫీసులు ఎప్పుడు వదలాలో వాన నిర్ణయించే పరిస్థితి ఈ ప్రాంతానికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే నేల వైపు చూడాలి. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి చుట్టూ ఉన్నవి గ్రానైటు గుట్టలు, వాటి నడుమ చెరువులు. చాలా గుట్టలు పోయాయి కానీ వాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. నీరు పల్లమెరుగు. తారు, కాంక్రీటు పరిచిన గట్టి రాతినేల మీద పడ్డ వాన ఇంకే దారిలేక రైల్వే అండర్‌బ్రిడ్జిలకూ జంక్షన్లకూ చేరి నిలుస్తుంది. అక్కడే కార్లు ఆగిపోతాయి.

ఆగిన కారు వెనక హారన్లు మొదలవుతాయి. ఎవరో ఒక మంచిమనిషి తన ఎస్‌యూవీ డిక్కీలోంచి పసుపుపచ్చ బెల్టు తీస్తాడు. రెండు చివర్లా ఇనుప కొక్కేలుంటాయి, ప్యాకెట్టు మీద ‘5 టన్నులు’ అని పెద్ద అక్షరాలుంటాయి. ఆగిన కారు మనుషులతో కలిపినా టన్నున్నర దాటదు. ఐదు టన్నుల బెల్టుకు అదెంత అనిపిస్తుంది. కొక్కేలు తగిలిస్తారు. ముందున్నాయన బెల్టు వదులుగా ఉండగానే కాస్త ఊపందుకుని లాగుతాడు. టప్పున చప్పుడవుతుంది. బెల్టు తెగుతుంది, లేదా ఒక కొక్కెం ఊడి గాల్లోకి లేస్తుంది. అది ఎవరికి తగులుతుందన్నది ఆ క్షణంలో ఎవరి చేతిలోనూ ఉండదు.

ప్యాకెట్టు మీది అంకె అబద్ధం కాకపోవచ్చు. మనకు తెలియనిది ఆ అంకె ఏ ప్రశ్నకు జవాబో.

ముందు మామూలు లాగుడు సంగతి చూద్దాం. చదునైన తారురోడ్డు మీద న్యూట్రల్లో ఉన్న కారును దొర్లించడానికి దాని బరువులో నూటికి ఒక వంతో, ఒకటిన్నర వంతో బలం చాలు. 1,500 కిలోల కారుకు అది 15 నుంచి 22 కిలోల లాగుడు. అందుకే ఇద్దరు మనుషులు నెడితే కారు కదులుతుంది. ఫ్లైఓవరు ఎక్కే దారిలాంటి ఆరు శాతం వాలుంటే ఇంకో 90 కిలోలు కలుస్తాయి. నెమ్మదిగా వేగం పెంచడానికి 70, 80 కిలోలు వేసుకోండి. అంతా కలిపినా 200 కిలోలు దాటదు. ఈ లెక్కన ఐదు టన్నుల బెల్టు అవసరానికి పాతిక రెట్లు గట్టిది. కారు బురదలో కూరుకుపోతే మాత్రం లెక్క తిరగబడుతుంది. అమెరికా సైన్యం వాహనాల రికవరీ మాన్యువల్ ఒక మోటు లెక్క చెబుతుంది: చక్రాల లోతున దిగబడ్డ బండిని కదపడానికి దాని బరువంత బలం కావాలి, ఫెండర్ల దాకా దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా దిగితే మూడింతలు. కోకాపేటలో తవ్వి వదిలేసిన ప్లాట్ల పక్కన వానాకాలం కారు నిలిపినవాళ్ళకు ఈ లెక్క కొత్తగా ఉండదు.

నిలకడగా లాగినంతసేపూ కథ ఇంతే. ప్రమాదం ఉన్నది కుదుపులో.

రెండు టన్నుల ఎస్‌యూవీ గంటకు 10 కిలోమీటర్ల వేగం అందుకున్నాక బెల్టు బిగిసిందనుకోండి. ఆ బండిలో అప్పటికి 7,700 జౌళ్ళ గతిశక్తి ఉంటుంది. వెనక కారు కదలకపోతే ఆ శక్తంతా సాగుతున్న బెల్టులోకే వెళ్ళాలి. ఇక్కడ బెల్టు ఎంత గట్టిదన్న దానికన్నా ఎంత సాగుతుందన్నదే ముఖ్యం. ఎక్కువ దూరం సాగితే శక్తి మెల్లగా ఇంకుతుంది, బలం తక్కువలో తేలిపోతుంది. కొంచెమే సాగేదైతే అదే శక్తిని చిన్న దూరంలో మింగాలి, బలం ఆకాశానికి లేస్తుంది. నాలుగు మీటర్ల పాలియెస్టర్ బెల్టు తెగే ముందు పదిశాతం, అంటే 40 సెంటీమీటర్లు సాగుతుందనుకుంటే, పై కుదుపులో దాని మీద పడే బలం దాదాపు 4.4 టన్నులు. ఐదు టన్నుల బెల్టు అంచు దాకా వెళ్ళి నిలబడింది. అదే వేగం 15 కిలోమీటర్లయితే 6.6 టన్నులు పడుతుంది, బెల్టు మిగలదు. బెల్టు బదులు రెండు శాతమే సాగే ఉక్కు తీగతాడు కట్టి ఉంటే 10 కిలోమీటర్ల వేగానికే సుమారు పది టన్నులు పడేది. చూడడానికి అన్నిటికన్నా గట్టిగా కనిపించే ఉక్కు తాడే కుదుపుకు అన్నిటికన్నా ముందు లొంగిపోతుంది.

ఇక నైలాన్. 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలేస్ కారొథర్స్ బృందం తయారుచేసిన ఈ పోగుకు సాగి తిరిగి కుదురుకునే గుణం ఎక్కువ. ఆఫ్‌రోడ్ వాళ్ళు వాడే తొమ్మిది మీటర్ల నైలాన్ రికవరీ పట్టీ నాలుగోవంతు దాకా సాగగలదు. తెగే బలం ఎనిమిది టన్నులున్న అలాంటి పట్టీతో ఇదే లెక్క వేస్తే కుదుపు 2.4 టన్నుల దగ్గరే ఆగుతుంది. కుదుపు ఇచ్చి లాగడానికే పుట్టిన సరుకు అది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలియెస్టర్ అంతగా సాగదు, కాబట్టి నిలకడగా లాగడానికి అది మేలు. దుకాణంలో రెండూ ఒకే రంగులో, ఒకే వెడల్పులో, ఒకే ఐదు టన్నుల ముద్రతో వేలాడవచ్చు. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని టన్నులు?’ కాదు, ‘ఏ పోగు?’ అని. పాలీప్రొపిలీన్ తాడు చవక, నీళ్ళమీద తేలుతుంది కూడా. కానీ ఎండకు త్వరగా చివికిపోతుంది. మన ఎండల్లో దాన్ని నమ్ముకోకూడదు.

ఇప్పుడు ఆ టన్నుల సంగతి. ఒకే అంకెను రెండు రకాలుగా చెప్పవచ్చు. ఎంత బలానికి తెగుతుందన్నది ఒకటి, ఎంత బలం దాకా నిశ్చింతగా వాడవచ్చన్నది రెండోది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే భద్రతా గుణకం. ఐటీ కారిడార్‌లో ఈ గుణకాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఇరవయ్యో అంతస్తుకు తీసుకెళ్ళే లిఫ్టులో మూడో అంతకుమించో తాళ్ళుంటే, యూరప్ ప్రమాణం ప్రకారం ఆ గుణకం కనీసం 12. పక్కనే కడుతున్న టవర్ దగ్గర క్రేన్ ఎత్తే ఇనుపకట్టలను గమనించండి. వాటిని పట్టుకుని ఉండే రంగురంగుల లిఫ్టింగ్ బెల్టులు ఎక్కువగా యూరప్ ప్రమాణం రంగుల్లోనే ఉంటాయి. ఊదా అయితే ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిదరంగు నాలుగు, ఎరుపు ఐదు టన్నులు. బెల్టు చివరి మడతలో కుట్టిన చిన్న చీటీ రంగు పోగు ఏదో చెబుతుంది. నీలం చీటీ పాలియెస్టర్, ఆకుపచ్చ నైలాన్, గోధుమరంగు పాలీప్రొపిలీన్. చీటీ మీద వాడదగిన బరువు, పొడవు, తయారీదారు పేరు ఉంటాయి. చీటీ ఊడిపోయిన బెల్టును, చూడడానికి కొత్తగా ఉన్నా సరే, బరువులు కట్టే మంచి రిగ్గర్ క్రేనుకు తగిలించనివ్వడు. ఆ బెల్టుల గుణకం 7. అంటే రెండు టన్నులని రాసి ఉన్న ఆకుపచ్చ బెల్టు పద్నాలుగు టన్నుల దాకా తట్టుకోవాలి. మన డిక్కీలోని ‘5 టన్నుల’ బెల్టు మీది అంకె చాలాసార్లు తెగే బలమే. పక్కపక్కన పెడితే చిన్న అంకె ఉన్నదే దాదాపు మూడింతలు గట్టిది! అలాగని లిఫ్టింగ్ బెల్టుతో కారు లాగమని కాదు. అది కుదుపు కోసం చేసింది కాదు, ఒకసారి కారు లాగాక దాన్ని మళ్ళీ మనుషుల తలల మీదుగా బరువులెత్తడానికి వాడడం నేరంతో సమానం.

అంకె పక్కన ఏ గుణకమో, తెగే బలమో వాడదగిన బలమో రాయని బెల్టును నేనైతే తెగే బలంగానే లెక్కవేస్తాను, అందులో మూడో వంతునే నమ్ముతాను. ముడి వేశామా, అదీ మిగలదు. ముడి దగ్గర పోగులు మెలిపడి కొన్ని ఎక్కువ బరువు మోస్తాయి, కొన్ని ఊరికే ఉంటాయి. మామూలు ముడి తాడు బలాన్ని దాదాపు సగానికి దించుతుంది. తెగిన బెల్టును ముడివేసి మళ్ళీ లాగేటప్పుడు ఐదు టన్నులది రెండున్నర టన్నులదే. పై లెక్కలోని ఎస్‌యూవీ గంటకు ఆరు కిలోమీటర్లు, అంటే చురుగ్గా నడిచే మనిషి వేగం, అందుకునేలోపే అది పోతుంది. తయారీదారు చివర్లను మడిచి పొడవునా వరసలుగా కుట్టేది అందుకే. ఆ కుట్టు బరువును పోగులన్నిటికీ పంచుతుంది.

ఇంత లెక్క వేసినా బెల్టు ఒక్కటే గట్టిగా ఉంటే సరిపోదు. కారు ముందు బంపరులో ఉన్న చిన్న మూత తీసి మర బిగించే టో హుక్కు ఉంటుంది కదా, 1977 నాటి యూరప్ ఆదేశం ప్రకారం అది తట్టుకోవాల్సిన కనీస బలం ఆ కారు గరిష్ఠ మొత్తం బరువులో సగం. 1,600 కిలోల కారుకు అది 800 కిలోలు. చాలామంది తయారీదారులు ఇంతకన్నా గట్టిగానే చేస్తారు. కానీ మొదట లెక్కవేసిన 4.4 టన్నుల కుదుపు ఆ కనీస బలానికి ఐదింతలకు పైగా ఉంటుంది. పదిటన్నుల బెల్టు కొనితెచ్చినా ఊడేది హుక్కే, అదీ బెల్టులో దాగిన శక్తినంతా మోసుకుంటూ. ఉప్పల్ స్టేడియంలో 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతిలో ఉండే శక్తి 120 జౌళ్ళు. సాగిన బెల్టులో ఉన్నది అలాంటి అరవై బంతులది. అందులో కొంత భాగమే కిలో బరువున్న ఇనుపముక్కకు చేరినా, అది కారు అద్దాన్ని దూసుకుపోగలదు. ఆస్ట్రేలియాలో ట్రైలర్ తగిలించే బంతికి రికవరీ పట్టీ కట్టి లాగినప్పుడు, ఆ బంతి విరిగి ఎగిరి మనుషుల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత అక్కడ రికవరీ పట్టీల మీద హెచ్చరిక చీటీ తప్పనిసరి చేశారు. పట్టీ తెగే బలం రెండు బండ్లలో తేలికదాని మొత్తం బరువుకు రెండు నుంచి మూడింతలు ఉండాలని ఆ చీటీ సలహా ఇస్తుంది. ట్రైలర్ బంతికి తగిలించవద్దని గట్టిగా చెబుతుంది. మన అంగళ్ళలో దొరికే బెల్టుల మీద ఈ ఒక్క వాక్యమైనా తెలుగులో అచ్చు వేస్తే ఎంత బాగుండునో.

అందుకే కట్టే చోటు కట్టే వస్తువంత ముఖ్యం. బంపరు, యాక్సిలు, సస్పెన్షను చేతులు, స్టీరింగు కడ్డీలు ఇవేవీ లాగడానికి కావు. కారు మాన్యువల్లో చూపిన చోటు ఒక్కటే సరైనది. మర హుక్కు కొన్ని కార్లలో ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. చేత్తో తిప్పి వదిలేయకుండా స్పానర్ కడ్డీ దూర్చి పూర్తిగా లోపలికి దించాలి. సగం మర మీద ఉన్న హుక్కు వంగిపోతుంది. కొక్కేలున్న బెల్టుకన్నా, చివర్లలో మెత్తటి కుట్టు కంతలుండి, రేటింగు ముద్ర ఉన్న డి షాకిల్‌తో తగిలించే బెల్టు మేలు. బెల్టు మధ్యలో బరువైన దుప్పటో తడిసిన గోనెసంచో వేస్తే, తెగినప్పుడు అది కొంత ఊపును కిందికి లాగేస్తుంది. దాన్నే పూర్తి రక్షణ అనుకోవద్దు. అసలు రక్షణ దూరం. బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్లు వదిలి జనం నిలబడాలి. మన ఫుట్‌పాత్‌ల మీద సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియో తీసేవాళ్ళు సరిగ్గా బెల్టు గీతలోనే నిలబడతారు. వాళ్ళను పక్కకు తప్పించాకే ఇంజను స్టార్ట్ చేయాలి.

ఆ తర్వాత చేయాల్సింది చాలా తేలిక, కానీ ఓపిక కావాలి. ముందు బండి మొదటి గేరులో బెల్టు నేల మీంచి లేచి సమంగా బిగిసే దాకా పాకాలి, అక్కడ ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు మెల్లగా క్లచ్ వదలాలి. బిగిసిన బెల్టుకు కుదుపు లేదు. పైన లెక్కవేసిన టన్నులన్నీ ఈ ఒక్క పనితో వందల కిలోలకు దిగిపోతాయి. వెనక కారులో కూర్చున్న మనిషికి అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఇంజను ఆగితే బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది. ఆ తర్వాత పెడలు రాయిలా గట్టిపడుతుంది, కాలి బలమంతా పెట్టి తొక్కాలి. స్టీరింగు కూడా బరువెక్కుతుంది. తాళం ఆన్‌లో లేకపోతే అది లాక్ అయి ముందు బండి ఎటు తిరిగితే అటు తిరగనంటుంది. ముందాయన బ్రేకు వేసే ముందే వెనకాయన లేతగా తొక్కుతూ బెల్టును బిగువుగా ఉంచాలి. అది సడలితే మళ్ళీ కుదుపే.

చట్టం కూడా ఈ భౌతికశాస్త్రాన్నే రాసిపెట్టింది. 1989 నాటి రోడ్డు నియమాలు ఇలా చెప్పేవి: లాగుతున్న బండికీ లాగబడుతున్న బండికీ మధ్య దూరం ఐదు మీటర్లు మించకూడదు. తాడు ఇతరులకు స్పష్టంగా కనబడాలి. వెనక బండి స్టీరింగు దగ్గర లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. వెనకవైపు తెల్లటి పలక మీద ‘ఆన్ టో’ అన్న నల్లక్షరాలు 75 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. లాక్కెళ్ళేది కూడా దగ్గరి గ్యారేజీకో పెట్రోలు బంకుకో మాత్రమే. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చాయి గానీ ఇందులోని తర్కం పాతబడేది కాదు. తొమ్మిది మీటర్ల నైలాన్ పట్టీ బురదలోంచి బయటికి లాగడానికే తప్ప రోడ్డు మీద లాక్కెళ్ళడానికి ఎందుకు పనికిరాదో ఆ ఐదు మీటర్ల నియమమే చెబుతోంది. ఇక ఔటర్ రింగ్ రోడ్డు సంగతి. గచ్చిబౌలి మీదుగా నగరాన్ని 158 కిలోమీటర్ల మేర చుట్టే ఆ దారిలో 2023 నుంచి గరిష్ఠ వేగం 120. అక్కడ 24 కిలోమీటర్లతో తాడు కట్టుకుని పోయే జంటను వెనక నుంచి 120తో వచ్చే డ్రైవరు వంద మీటర్ల దూరంలో చూస్తే, అతని చేతిలో ఉన్నది నాలుగు సెకన్లకన్నా తక్కువ. ఔటర్ మీద బెల్టు తీయనే తీయవద్దు. బారికేడు అవతలికి దిగి నిలబడి సాయానికి ఫోను చేయాలి.

స్కూటీ ఆగిపోతే వెనక నుంచి ఇంకో బైకు మీది స్నేహితుడు కాలు చాపి ఫుట్‌రెస్టును తోసుకుంటూ పోవడం మన నగరంలో రోజూ కనబడేదే. అందులో ఉన్న ఆత్మీయత నాకు తెలుసు. కానీ ఒంటి కాలితో, రెండు బండ్ల బరువును పక్కవాలుగా నెడుతూ, బయోడైవర్సిటీ ఫ్లైఓవరు ఎక్కే స్నేహం ఆసుపత్రి దాకా తీసుకెళ్ళగలదు.

ఐటీ కారిడార్‌లో మరో చిక్కుంది. ఇక్కడ తిరిగే కార్లలో ఆటోమేటిక్‌లూ ఎలక్ట్రిక్‌లూ ఎక్కువ. మామూలు ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనె పంపును తిప్పేది ఇంజనే. ఇంజను ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి భాగాలు నూనె లేకుండా ఒరుసుకుంటాయి. ఎలక్ట్రిక్ కారులో మోటారు చక్రాలకు తగిలించే ఉంటుంది, లాగుతుంటే జనరేటరులా మారి కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ తిప్పే బండ్లకు వేరే జాగ్రత్తలున్నాయి. ఈ రకాలకు బెల్టు కట్టే ముందు మాన్యువల్ చూడాలి. చాలా సందర్భాల్లో అందులో ఉండే జవాబు ఒక్కటే, బండిని ఎక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్‌ను పిలవమని.

నీళ్ళలో ఆగిన కారు విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నీరు గాలి గొట్టంలోంచి సిలిండర్‌లోకి చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, ఎందుకంటే నీరు గాలిలా కుదించుకుపోదు. స్టార్టరు తిప్పినా, బెల్టు కట్టి లాగుతూ గేరులో వేసి స్టార్ట్ చేయబోయినా వంగేది కనెక్టింగ్ రాడ్డు. 2020 అక్టోబర్ 13 రాత్రి శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసి, వీధుల్లో కార్లు తేలిపోయాయి. అలాంటి నీటిలోంచి బయటపడ్డ కారును న్యూట్రల్లో ఉంచి పొడి నేలకు లాగడం వరకే బెల్టు పని. తాళం తిప్పడం మెకానిక్‌కు వదిలేయాలి.

బయటికి తీసిన బెల్టును ఆ బురదతోనే చుట్టి డిక్కీలో పడేస్తారు చాలామంది. ఇసుక రేణువులు పోగుల మధ్య చేరి, తర్వాతిసారి బిగిసినప్పుడు లోపలినుంచే కోస్తాయి. బయటికి ఏమీ కనబడదు. మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి. తడిసిన నైలాన్ తన బలంలో నూటికి పది, పదిహేను వంతులు కోల్పోతుంది. బ్యాటరీ ఆసిడ్ చుక్క పడితే నైలాన్ పోగులు చివుకుతాయి. పాలియెస్టర్‌కు ఘాటైన క్షారాలు గిట్టవు. బెల్టును వెలుగులో పరిచి వేలితో అంచులు తడిమితే కోత, గట్టిపడిన మెరుపు మచ్చ, లేచిన కుట్టు తెలుస్తాయి. మెరుపు మచ్చ అంటే ఆ చోట ఒరిపిడి వేడికి పోగులు కరిగి గడ్డకట్టాయని. అంచు మీద కోత కనిపిస్తే ఆ బెల్టు పని అయిపోయినట్టే. దాన్ని చెత్తబుట్టలో అలాగే వేయకుండా, నడిమికి రెండు మూడు చోట్ల కత్తిరించి పడేయాలి. లేకపోతే పసుపుపచ్చగా నిగనిగలాడే ఆ బెల్టును ఇంకెవరో ఏరుకుని, ముడివేసి, మరో వానసాయంత్రం మరో కారుకు కడతారు.